గట్టిగా కాదు... తేటగా!

సూర్యాపేట దాటి పది నిమిషాలైందేమో. కారులో పాట హోరెత్తిపోతోంది. అంతకు వారం ముందే బిగించిన మ్యూజిక్ సిస్టమ్ అది. డిక్కీలో యాంప్లిఫయర్, పక్కనే సబ్‌వూఫర్ పెట్టె, తలుపులకి స్పీకర్లు, ముందు అద్దాల దగ్గర రూపాయి బిళ్లంత ట్వీటర్లు. విజయవాడలో పిన్ని కొడుకు పెళ్లికి ఇంటిల్లిపాదీ వెళుతున్నాం. 'ఎలా ఉంది నాన్నా?' అని అద్దంలోంచి వెనక్కి చూస్తూ గర్వంగా అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, 'పాట సంగతి తర్వాత... ఏదో కాలిన వాసన రావట్లేదూ?' అన్నారు.

నిజమే, వస్తోంది. కారు పక్కకి తీసి బోనెట్ ఎత్తి చూశాను. అక్కడేమీ లేదు. డిక్కీ తెరిచి యాంప్లిఫయర్ మీద చెయ్యి పెడితే చుర్రుమంది. కాలింది మాత్రం అది కాదు, ఎడమవైపు ట్వీటర్. మిగతా దారంతా పాటల్లేవు. నాన్నకి అదే హాయిగా ఉన్నట్టుంది, కోదాడ వచ్చేసరికి గుర్రుపెట్టి నిద్రపోయారు.

తిరిగొచ్చాక, బిగించిన షాపుకి వెళ్లి అడిగితే 'మీరే సౌండ్ ఎక్కువ పెట్టి ఉంటారు సార్' అనేశారు. అక్కడే నాకు మండింది. ఎందుకంటే స్టీరియోలో వాల్యూమ్ నలభై దాకా ఉంటే, నేను ఆరోజు పద్దెనిమిది కూడా దాటలేదు. సగం కూడా పెట్టకుండా స్పీకర్ కాలిపోవడమేంటి?

ఆ ప్రశ్నకి జవాబు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరికింది. కార్లకి ఆడియో బిగించడంలో తల నెరిసిన పెద్దమనిషి ఒకాయన ఉన్నారని మిత్రుడు చెబితే వెళ్లాను. అక్కడి కుర్రాళ్లంతా 'ఉస్తాద్' అంటారాయన్ని. ఆయన పాట కూడా వినలేదు. డిక్కీ తెరిచి, టార్చి వేసి, యాంప్లిఫయర్ పక్కన ఉన్న రెండు బుల్లి మరల్ని చూసి నవ్వారు. 'ఎవలు తిప్పిన్రు సార్ దీన్ని గింత?' అన్నారు. ఒక దాని మీద గెయిన్ అని ఉంది, రెండో దాని మీద బాస్ బూస్ట్ అని. రెండూ చివరిదాకా తిప్పేసి ఉన్నాయి.

'ఇది సౌండ్ పెంచే నాబ్ కాదు సార్' అన్నారాయన. కారులో యాంప్లిఫయర్ పెట్టించుకున్నవాళ్లలో ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడేనట.

మైక్‌సెట్ ఆయనకి తెలుసు

పల్లెల్లో పెళ్లి పందిట్లోనో, శ్రీరామనవమి పందిట్లోనో మైక్‌సెట్ పెట్టే మనిషిని గుర్తుతెచ్చుకోండి. కార్యక్రమం మొదలవకముందే 'హలో... మైక్ టెస్టింగ్... వన్ టూ త్రీ' అంటాడు. అని ఊరుకోడు. అటు తిరిగి పెట్టెమీద ఏదో మర తిప్పుతాడు. మాట్లాడబోయే పెద్దాయన గొంతు ఎంత పెద్దదో, మైకుకి ఎంత దగ్గరగా నిలబడతాడో అంచనా వేసి, దానికి తగ్గట్టు పెట్టెని సిద్ధం చేస్తున్నాడన్నమాట. సరిగ్గా చెయ్యకపోతే ఏమవుతుందో మనకి తెలుసు. వక్త ఆవేశంగా అరిచినప్పుడల్లా మాట పోయి 'బర్ర్' మనే శబ్దం మిగులుతుంది. కారు యాంప్లిఫయర్‌లో గెయిన్ చేసే పని కూడా అదే. వచ్చే సంకేతానికీ పెట్టె శక్తికీ పొత్తు కుదర్చడం.

స్టీరియో నుంచి యాంప్లిఫయర్‌కి వచ్చే సంకేతం చాలా చిన్నది. కొన్ని స్టీరియోలు గట్టిగా పాడినప్పుడు 2 వోల్టులు ఇస్తాయి. కాస్త ఖరీదైనవి 4 వోల్టులు ఇస్తాయి. ఏ స్టీరియో వచ్చి తగులుకుంటుందో యాంప్లిఫయర్ తయారుచేసేవాళ్లకి ముందుగా తెలియదు కదా! అందుకే ఈ మర పెడతారు. దాని చుట్టూ చూడండి. చాలావాటి మీద ఓ చివర 0.2 వోల్టులు, రెండో చివర 4 లేదా 5 లేదా 6 వోల్టులు అని సన్నటి అక్షరాలతో రాసి ఉంటుంది. 0.2 దగ్గర పెడితే, 'ఇటునుంచి 0.2 వోల్టులు వస్తే చాలు, నేను నా పూర్తి శక్తి ఇచ్చేస్తాను' అని యాంప్లిఫయర్ చెబుతోందని అర్థం. 4 దగ్గర పెడితే, 4 వోల్టులు వచ్చినప్పుడు పూర్తి శక్తి ఇస్తుంది. రెండు చోట్లా ఆ పూర్తి శక్తి ఒక్కటే. 50 వాట్ల పెట్టె 50 వాట్ల పెట్టే. మర ఎటు తిప్పినా అది 80 వాట్లదైపోదు.

ఇప్పుడు నా కారు సంగతి చూడండి. స్టీరియో 4 వోల్టులది. గెయిన్ మాత్రం 0.2 దగ్గర ఉంది. ఇరవై రెట్లు తేడా! అంటే వాల్యూమ్ ఇంకా కింది మెట్ల మీద ఉండగానే యాంప్లిఫయర్ ఊపిరి అయిపోయింది. ఆ పైన పెంచిందంతా పాట కాదు, రొద. బిగించిన కుర్రాడు మంచి ఉద్దేశంతోనే చేసి ఉంటాడు లెండి. తక్కువ వాల్యూమ్‌లోనే అదిరిపోతే కస్టమర్ సంతోషిస్తాడు. నేనూ సంతోషించాను, సూర్యాపేట దాకా.

తలలు తెగిన అలలు

పాటని తెరమీద గీతలా చూపించే యంత్రం ఉంటుంది, ఆసిల్లోస్కోప్ అంటారు. సరైన శబ్దం అందులో గుండ్రటి కొండలూ లోయల్లా కనిపిస్తుంది. యాంప్లిఫయర్ తన శక్తికి మించి లాగబోతే ఆ కొండల తలలు కత్తితో కోసినట్టు చదునైపోతాయి. దీన్నే క్లిప్పింగ్ అంటారు. మన చెవికి అది బొంగురుగా, ముక్కుతో పాడినట్టు, పళ్లు జివ్వుమనేలా వినిపిస్తుంది.

వినడానికి చిరాకు... అంతేనా? కాదు. గుండ్రటి అల పూర్తిగా చదునై డబ్బాలా మారితే, ఎత్తు అంతే ఉన్నా అందులోని శక్తి లెక్క ప్రకారం రెట్టింపవుతుంది. 50 వాట్ల యాంప్లిఫయర్ దాదాపు 100 వాట్ల వేడిని స్పీకర్ మీదకి తోసేయగలదన్నమాట. పైగా అలా తెగిన అంచుల్లోంచి అసలు పాటలో లేని సన్నటి, పదునైన శబ్దాలు పుట్టుకొస్తాయి. సన్నటి శబ్దాలు ఎక్కడికి వెళతాయి? ట్వీటర్‌కే. దాని లోపల ఉండేది వెంట్రుకంత తీగతో చుట్టిన చుట్ట. మామూలు పాటలో దానికి చేరేది కొద్ది వాట్లే కాబట్టి అంతకే తయారుచేస్తారు. అలాంటిదాని మీద ఇరవై నిమిషాలపాటు ఈ భారం పడితే... మా నాన్నకి వచ్చిన వాసన అదే.

ఇక బాస్ బూస్ట్. దీని గురించి ఉస్తాద్ వాడిన మాట ఇక్కడ రాయలేను. 6 డెసిబెల్స్ బూస్ట్ పెడితే ఆ దరువు దగ్గర యాంప్లిఫయర్ నాలుగు రెట్లు శక్తి ఇవ్వాలి. 12 డెసిబెల్స్ అయితే పదహారు రెట్లు! పెట్టెలో అంత ఎక్కడిది? దాంతో అక్కడా క్లిప్పింగే.

డెసిబెల్ మాట వచ్చింది కాబట్టి ఇంకో లెక్క. టెలిఫోన్‌తో పేరొచ్చిన అలెగ్జాండర్ గ్రాహంబెల్ పేరుమీద వచ్చిన ఈ కొలత కాస్త గమ్మత్తైంది. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి 'ఓ రవ్వ పెరిగింది' అనిపిస్తుందంతే. శబ్దం రెట్టింపైనట్టు అనిపించాలంటే సుమారుగా 10 డెసిబెల్స్ పెరగాలి. అంటే వాట్లు పది రెట్లు కావాలి. 50 వాట్లది తీసేసి 100 వాట్లది కొన్నా, అనుకున్నంత తేడా ఎందుకు రాదో ఇప్పుడు తెలిసిందిగా! పెట్టెల మీద రంగురంగుల అంకెల్లో ఉండే 'మ్యాక్స్' వాట్లనైతే అసలు పట్టించుకోవద్దు. వివరాల్లో ఎక్కడో చిన్నగా రాసే ఆర్ఎంఎస్ అంకె ఒక్కటే నమ్మదగింది.

మరి ఎంత తిప్పాలి?

ఉస్తాద్ మొదట చేసింది తిప్పడం కాదు, తీసేయడం. స్టీరియోలో బాస్, ట్రెబుల్ అన్నీ సున్నాకి తెచ్చారు. లౌడ్‌నెస్ అనే మీట ఆపేశారు. బాస్ బూస్ట్ సున్నా. గెయిన్ పూర్తిగా కిందికి. ఫోన్‌ని బ్లూటూత్‌తో కలిపి, ఫోన్ వాల్యూమ్ మాత్రం దాదాపు పైదాకా పెట్టారు. ఫోన్‌లో తగ్గించి కారులో పెంచుకుంటే పాటతోపాటు బుస్సుమనే శబ్దం కూడా పెరుగుతుందట. అప్పుడు స్పీకర్ వైర్లు యాంప్లిఫయర్ నుంచి విప్పేశారు. ఇది మర్చిపోతే, కొలత పూర్తయ్యేలోపు మిగిలిన ట్వీటర్ కూడా పోయేది.

తర్వాత స్టీరియో వాల్యూమ్‌ని నలభైలో ముప్ఫై దగ్గర పెట్టారు. ముప్పాతిక వంతు. చాలా స్టీరియోలు చివరి మెట్లలో వాటంతట అవే బొంగురుపోతాయి కాబట్టి ఆ పావువంతు వదిలేయడం మంచిది. ఇక మీదట ఈ కారుకి ముప్ఫైయే ఆఖరు అనుకోవాలి. ఇప్పుడు పాట కాకుండా ఒకే స్వరం, 'కూ...' అని సాగుతూనే ఉండే పరీక్ష శబ్దం పెట్టారు. సబ్‌వూఫర్‌కైతే 50 హెర్ట్జ్, మామూలు స్పీకర్లకి ఎక్కువమంది 1000 హెర్ట్జ్ వాడతారు. ఇక్కడో చిన్న మెలిక ఉంది. చవక మల్టీమీటర్లు చాలావాటిలో ఏసీ వోల్టుల కొలత 400 హెర్ట్జ్ దాకానే నమ్మకం. మీ మీటర్ పుస్తకంలో అలా రాసి ఉంటే ఆ లోపు స్వరమే వాడండి. కొలిచేటప్పుడు యాంప్లిఫయర్‌లోని క్రాసోవర్ మీటలు ఆపేయాలి, లేకపోతే ఆ స్వరాన్నే అది కోసేస్తుంది.

తర్వాతది పదో తరగతి లెక్క. యాంప్లిఫయర్ ఒక్కో చానల్‌కి ఇచ్చే ఆర్ఎంఎస్ వాట్లని, స్పీకర్ ఓమ్‌లతో హెచ్చవేయాలి. వచ్చినదానికి వర్గమూలం కట్టాలి. నాది 50 వాట్లు, స్పీకర్లు 4 ఓమ్‌లు. హెచ్చవేస్తే 200. వర్గమూలం 14.1. మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల మీద పెట్టి, యాంప్లిఫయర్ స్పీకర్ టెర్మినళ్ల దగ్గర ఆనించి, 14.1 వచ్చేదాకా గెయిన్ మెల్లగా పెంచి ఆపేయాలి. అంతే! మీది 100 వాట్లు, 4 ఓమ్‌లైతే 20 వోల్టులు. 300 వాట్ల సబ్‌వూఫర్ 2 ఓమ్‌లదైతే 24.5 వోల్టులు. స్పీకర్ ఆర్ఎంఎస్ యాంప్లిఫయర్ కన్నా తక్కువైతే స్పీకర్ అంకెతో లెక్క కట్టాలి. ఇదంతా ఇంజిన్ నడుస్తుండగా చెయ్యడం మేలు. బండి ఆపి ఉంటే బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది, నడుస్తుంటే 14 దాకా వస్తుంది, యాంప్లిఫయర్ బలం కూడా ఆ మేరకు మారుతుంది. అయితే మూసిన షెడ్డులో మాత్రం వద్దు. పొగ ప్రాణాలు తీస్తుంది.

నా కారులో 14.1 వచ్చేసరికి మర ఎక్కడ ఆగిందో తెలుసా? పావువంతు తిప్పేలోపే.

మల్టీమీటర్ లేనివాళ్లు చెవితోనే చెయ్యొచ్చు. మీకు బాగా తెలిసిన, శుభ్రంగా రికార్డయిన పాట పెట్టి, గెయిన్ కిందకి ఉంచి, స్టీరియోని బొంగురుపోయేదాకా పెంచి, రెండు మెట్లు దిగి ఆపాలి. ఆ తర్వాత గెయిన్ పెంచుతూ, బొంగురు వినిపించగానే కాస్త వెనక్కి రావాలి. ఎక్కువసేపు చెయ్యకండి. చెవి అలవాటుపడిపోయి బొంగురుని కూడా బాగుందనుకుంటుంది.

ఇంజిన్ వేగంతోపాటు పెరిగే సన్నటి 'కుయ్య్' శబ్దం ఉంటే, అది గెయిన్ ఎక్కువైనందుకు ఓ గుర్తు. అది తగ్గించినా పోకపోతే ఎర్త్ వైరు పెయింట్ మీద బిగించి ఉండొచ్చు. రంగు గీకి, ఇనుము తేలాకే బిగించాలి. బ్యాటరీ నుంచి వచ్చే లావు వైరుకి, బ్యాటరీ దగ్గరే, ఓ మూరలోపు ఫ్యూజు ఉందా లేదా అని ఈరోజే బోనెట్ ఎత్తి చూడండి. నా కారులో లేదు. ఆ వైరు ఎక్కడైనా రాపిడికి ఒలిచిపోయి ఇనుముకి తగిలి ఉంటే, కాలేది ట్వీటర్ ఒక్కటే అయ్యేది కాదు.

ఏ పాటతో సరిచూడాలి?

ఇది నాకు ఉస్తాద్ చెప్పలేదు, నాన్న వల్ల తెలిసింది. ఆయన పాటలు వేరు, నావి వేరు. ఘంటసాల పాట ముగిసి తర్వాతి వరసలో ఈమధ్య సినిమా పాట మొదలైతే ఏమవుతుంది? ఒక్కసారిగా మీదపడుతుంది. అందరం ఉలిక్కిపడి వాల్యూమ్ తగ్గిస్తాం. తర్వాత పాత పాట వస్తే మళ్లీ పెంచుతాం. కారణం మన కారు కాదు. పాత రికార్డింగుల్లో మెత్తగా పాడిన చోటుకీ, ఎత్తుకున్న చోటుకీ తేడా ఉంటుంది, మొత్తంమీద సంకేతం తక్కువ స్థాయిలో ఉంటుంది. 1990ల నుంచి ప్రపంచమంతటా పాటల్ని అట్టడుగు నుంచి పైదాకా నొక్కిపెట్టి, ఎప్పుడూ గట్టిగానే వినిపించేలా తయారుచేయడం పెరిగింది. అందుకని పూర్తి స్థాయిలో ఉన్న పరీక్ష శబ్దంతో గెయిన్ పెడితే పాత పాటలు మరీ నెమ్మదిగా వినిపించొచ్చు. కాస్త తక్కువ స్థాయిలో, మైనస్ 5 డెసిబెల్స్ దగ్గర రికార్డు చేసిన పరీక్ష శబ్దాలు కూడా దొరుకుతాయి. దాంతో పెడితే పాత పాటలకి ఊపిరి ఉంటుంది. కొత్త పాట వచ్చినప్పుడు మాత్రం ముప్ఫై దాకా వెళ్లకూడదు. మేం అలాగే పెట్టించాం. ఇంట్లో ఎవరు ఏం వింటారో దాన్నిబట్టి మీ ఇష్టం.

వయసు మీదపడుతుంటే చెవికి ముందుగా దూరమయ్యేవి సన్నటి శబ్దాలే. మాటల్లో స, శ, త, క లాంటి హల్లుల స్పష్టత ఆ శబ్దాల్లోనే ఉంటుంది. అందుకే పెద్దవాళ్లు 'వినిపిస్తోంది కానీ అర్థం కావట్లేదు' అంటారు. వాళ్ల కోసం సౌండ్ పెంచితే బొంగురు పెరుగుతుంది, మాట ఇంకా మునిగిపోతుంది. 'నాకు గట్టిగా కాదురా, తేటగా వినిపించాలి' అని నాన్న మొదట్నుంచీ చెబుతూనే ఉన్నారు. నేనే వినిపించుకోలేదు.

ఇక మన చెవుల సంగతి. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకి 8 గంటలకి మించి ఉండకూడదు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమైపోతుంది. 88 అయితే 4 గంటలు, 94 అయితే గంట, 100 అయితే పావుగంటే. హైవేలో టైర్లూ గాలీ ఇంజినూ కలిసి ఎలాగూ రొద పెడతాయి, దాన్ని దాటాలని మనం పాట పెంచుతాం. ఇంటికొచ్చి బండి ఆపేస్తాం. మర్నాడు పొద్దున తాళం తిప్పగానే ఆ పాట గుండె ఆగేలా అరుస్తుంది చూడండి... అదే నిన్నంతా మన చెవులు భరించిన శబ్దం! దిగాక చెవుల్లో గుయ్యిమంటే, లోపలి సన్నటి వెంట్రుకల కణాలు అలసిపోయాయని అర్థం. అవి ట్వీటర్ లాంటివి కావు, చనిపోతే మళ్లీ మొలవవు. రాణిగంజ్‌లో దొరకవు.

కొత్త కార్లు కొన్నవాళ్లకి ఒక మాట. కంపెనీ టచ్ స్క్రీన్‌కి చాలావాటిలో యాంప్లిఫయర్ తగిలించే ప్రత్యేక సాకెట్లు ఉండవు. స్పీకర్ వైర్ల నుంచే సంకేతం తీసుకోవాలి. పైగా కొన్ని కంపెనీ సిస్టమ్‌లు వాల్యూమ్ పెంచేకొద్దీ బాస్‌ని వాటంతట అవే తగ్గించేస్తాయి, చిన్న స్పీకర్లు చిరిగిపోకుండా. అలాంటి కారులో ఒకచోట పెట్టిన గెయిన్ ఇంకోచోట పనికిరాదు. ఈ సంగతి తెలిసిన మనిషి చేతే పెట్టించుకోండి. వారంటీ కాగితం కూడా ఓసారి చదవండి.

పని ముగించాక ఉస్తాద్ మర అంచున ఎర్రటి నెయిల్ పాలిష్‌తో చిన్న చుక్క పెట్టారు, డబ్బా మీదకి కూడా వచ్చేలా. ఎవరైనా తిప్పితే గీత తప్పి తెలిసిపోతుందట. 'ఇంట్ల పోరగాండ్లు ఉంటరు గద సార్' అన్నారు. అసలు పోరగాడు నేనేనని చెప్పలేదు.

దసరాకి మళ్లీ అదే దారిలో వెళ్లాం. నాన్న పాటలే పెట్టాను, వాల్యూమ్ ఇరవై రెండు దగ్గర. చాలాసేపు ఏమీ మాట్లాడలేదాయన. చివరికి అమ్మ వైపు తిరిగి, 'ఇన్నేళ్లూ ఈ చరణంలో ఓ మాట తప్పు పాడుతున్నానే' అన్నారు. ఏ మాటని అమ్మ అడిగితే 'ఉండు' అని చెయ్యి ఊపారు. కోదాడలో టీ కోసం కారు ఆపాను. అందరం దిగాం.

'మీరు తాగి రండి. ఇది అవనీ' అన్నారు.